హెన్రీ జాన్ హైంజ్ జీవితము

పాఠశాల విడచి పోవు బాలుని నీ వేమి కాదలచితివని యడిగినచో గుమాస్తా యనియో, ఉపాధ్యాయు డనియో, ఇంజనీ రనియో ప్రత్యుత్తరము వచ్చును. ఆహారపదార్థములు తయారుచేసి అమ్మెదనని యెవడైన చెప్పినచో తక్కిన బాలురు నవ్వుదురు. తల్లిదండ్రులును అంతగా సంతసింపరు. ఊరగాయలు పెట్టుట ఇంటిలోని స్త్రీల పని యనియు, వానిని అమ్ముట గతిలేనివారి పని యనియు మనలో నొక తలంపు గలదు. ఈ తలంపును ఖండించుటకు వాదము చేయ మేము పూనుకొనలేదు. పెరటి తోటలో మొదలుపెట్టి, ముప్పదియొకటవ యేట సర్వమును పోగొట్టుకొని, మరల అదే పనితో లేచి నిలిచిన యొక మనుష్యుని చరిత్రము చెప్పదలచితిమి. అతని పేరు గల ఎఱ్ఱని సీసాలు నేడు మన పట్టణములలోని దుకాణములందును కానవచ్చుచున్నవి. ఆ పేరు ఒక మనుష్యుని దని యెఱిగినవారు మాత్రము కొలదిమందియే.

హెన్రీ జాన్ హైంజ్ 1844వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన అమెరికా దేశములోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు, పిట్స్‌బర్గు నగరమును చేరియున్న బర్మింగుహామను పేటలో జన్మించెను. తలిదండ్రులు జర్మనీ దేశమునుండి వలస వచ్చిన లూథరను సంఘస్థులు. తండ్రి ఇటుకలు కాల్పించి అమ్మువాడు. హెన్రీ చిన్నవాడై యుండగనే ఆ కుటుంబము అల్లెఘెనీ నదీతీరమున నున్న షార్ప్స్‌బర్గను చిన్న యూరికి కాపురము మార్చెను. అచట ఇంటివెనుక తల్లి యన్నా కూరగాయల తోట పెంచుచుండెను. ఇంటివారికి చాలగా మిగిలిన కాయగూరలను ఎనిమిదేండ్ల హెన్రీ బుట్టలో పెట్టుకొని యిరుగుపొరుగు ఇండ్లకు తిరిగి అమ్మసాగెను. బుట్ట చాలక త్రోపుడుబండి వచ్చెను. పదియవ యేట తలిదండ్రులు అతనికి ముప్పాతిక ఎకరము నేలను ప్రత్యేకించి యిచ్చిరి. పండ్రెండవ యేట ఆ నేల మూడున్నర ఎకరము లాయెను. గుఱ్ఱమును బండియు చేరెను.

ఇచట తల్లిదండ్రులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ తల్లి కుమారుడు బోధకుడు కావలెనని కోరియుండెను. అందుకై అతనిని సంఘ పాఠశాలకు పంపిరి. తండ్రియో, ఇటుకల పని తన తరువాత కుమారునికి రావలెనని తలంచెను. హెన్రీ ఆ రెంటిలో దేనిని కాదనలేదు. బడికి పోయెను. ఇటుకల బట్టీలో లెక్కలు వ్రాసెను. పిట్స్‌బర్గులోని డఫ్ వర్తక కళాశాలలో జమాఖర్చులు వ్రాయు విద్య నేర్చెను. ఇరువదియొకటవ యేట తండ్రి వ్యాపారములో భాగస్థుడయ్యెను. చలికాలమున ఇటుకలు ఆరక పని నిలిచిపోవుచుండగా, వేడిగొట్టముల నమర్చి ఆరబెట్టు ఉపాయము చేసి ఏడాది పొడుగునను పని సాగునట్లు చేసెను. అయితే తోటను మాత్రము విడువలేదు. తనకు నచ్చిన పనిని చిన్నదిగా సాగించుచునే పెద్దలు చెప్పిన పనులనుండి ఆ పనికి కావలసిన విద్యల నెల్ల అతడు సంగ్రహించెనని మాకు తోచుచున్నది. లెక్కల పుస్తకము బట్టీలోనిదే. కాని అది తరువాత ఊరగాయల దుకాణమున కక్కఱకు వచ్చెను.

ఇక అతని మొదటి సరకును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. హార్సురాడిష్ అను నొక వేరు కలదు. అది మన ముల్లంగి జాతికి దూరపు బంధువు. దానిని కోరినచో ఆవపిండి ముక్కున కెక్కినట్లు ఘాటు లేచును. ఆ కోరును వినిగరులో ఊరవేసి మాంసముతో నంజుకొనుట జర్మనులకును, ఆంగ్లేయులకును మిక్కిలి యిష్టము. కాని దానిని కోరు గృహిణి అవస్థ చెప్పనలవి కాదు. కండ్ల వెంట నీరు కారును; వ్రేళ్ల కణుపులు కోరాము మీద గీచుకొని పోవును. డబ్బిచ్చి కొనవచ్చును గదా యన్నచో, అంగళ్లలో దొరకునది ఆకుపచ్చనివియో గోధుమరంగువో అగు సీసాలలో నుండెడిది. ఆ రంగుసీసాల మాటున కొందఱు వర్తకులు టర్నిప్ దుంపల తురుమును, కఱ్ఱపొట్టును గూడ కలిపి అమ్ముచుండిరి. కొన్నవారికి ఇల్లు చేరి మూత తీసినదాక లోని సంగతి తెలియదు.

హెన్రీ తల్లి తయారుచేయు పద్ధతిని నేర్చుకొని, తన తోటలోని వేరును తానే శుభ్రపఱచి కోరి, రంగు లేని తెల్లగాజు సీసాలలో నింపెను. సరకు ఎట్టిదో కొనువారికి బయటినుండియే కనబడును. గొప్ప యుపాయ మని దీనిని నేడు ఎల్లవారు మెచ్చుకొందురు. మాకు మాత్రము దీనిలోని కష్టభాగమే ముందుగా తోచును. తెల్లసీసాలో నింపువాడు ఒక దినమైనను నాసిరకపు వేరును వాడరాదు. మురికి నీరు వాడరాదు. వారముదినములు నిలువయుండి నల్లబడినది అమ్మరాదు. అనగా ఆ సీసా మొదట కట్టిపడవేసినది వర్తకుని చేతులనే. పదునాఱేండ్ల ప్రాయమునకే హెన్రీ క్రింద కొందఱు పనివారుండిరి. వారమునకు మూడు మాఱులు సరకు పిట్స్‌బర్గులోని వర్తకులకు చేరుచుండెను. 1861లో, అతనికి పదునేడేండ్లు నిండునాటికి, ఆ యేటి అమ్మకము 2,400 డాలరులని చెప్పుదురు. నాటి కాలమున అది చిన్న మొత్తము కాదు.

1869వ సంవత్సరము హైంజ్ జీవితమున రెండు విధముల ముఖ్యమైనది. ఆ యేడు సెప్టెంబరు 23వ తేదీన సారా యంగ్ అను నామెను వివాహమాడెను. ఆ యేడే నోబుల్ అను స్నేహితునితో కలిసి హైంజ్ నోబుల్ కంపెనీని స్థాపించెను. తండ్రి కట్టిన పాత యింటియందే పని మొదలాయెను. మొదటి సరకు ఆ హార్సురాడిషే. తరువాత దోసకాయ ఊరగాయలు, పులియబెట్టిన క్యాబేజీ, వినిగరు చేర్చిరి. లంగరు గుర్తుతో వారి సరకు దూరపు పట్టణములకు పోసాగెను. తోటలు పెరిగెను, బండ్లు పెరిగెను, గుఱ్ఱములు పెరిగెను. అప్పులును పెరిగెను.

1873లో అమెరికాలో గొప్ప ఆర్థికసంక్షోభము సంభవించి అనేక బ్యాంకులు మూతపడెను. ఎచటను ధనము పుట్టలేదు. అట్టి సమయమున హైంజ్ కంపెనీవారు ఇల్లినాయి రాష్ట్రములోని వుడ్‌స్టాక్ ప్రాంతపు రైతులతో ఒక ఒడంబడిక చేసికొనిరి. వారు పండించు దోసకాయల నన్నిటిని బుషెలు ఒక్కింటికి 60 సెంట్ల చొప్పున కొనెదమని దాని సారాంశము. బుషెలనగా ధాన్యమును కాయలను కొలుచుటకు వారు వాడు పెద్ద తూము. 1875లో పంట విరగబడి కాచెను. ధర పడిపోయెను. ఒడంబడిక మాత్రము పడిపోలేదు. దినదినమును కాయలు వచ్చుచునే యుండెను. దినదినమును రైతులకు డబ్బు చెల్లింపవలసి యుండెను. దోసకాయ ఉప్పునీటిలో ఊరి, సీసాకెక్కి, అమ్ముడుపోయి, డబ్బుగా మాఱుటకు నెలలు పట్టును. రైతు అన్ని నెలలు ఆగడు గదా.

ఈ సందర్భమును విద్యార్థులు శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాము. హైంజ్ చెడిపోయినది సోమరితనమువలన కాదు, కల్తీవలన కాదు, దుర్వ్యసనములవలన కాదు. అతని సరకు ఆ దినములలోను మంచిదే. కొనువారును ఉండిరి. అతడు ఎంత కోరవలెనో ఎఱుగును గాని, కోరినది సంపూర్ణముగా నెఱవేఱినచో దానిని భరించుటకు తన పెట్టెలో ఎంత సొమ్మున్నదో కొలిచి చూడలేదు. పంట చెడినచో ఏమగునని భయపడు వర్తకులు పెక్కుమంది కలరు. పంట బాగుగా పండినచో ఏమగునని లెక్కవేయువారు అరుదు. ఊరగాయల వ్యాపారమున ఇది మఱియు కష్టము. కాయ వచ్చునది యొక్క ఋతువున. డబ్బు వచ్చునది ఏడాది పొడుగునను. ఈ రెంటి నడుమనున్న కాలమును దాటించుటకు కావలసిన సొమ్మే యీ వృత్తికి మూలధనము. సీసాలును జాడీలును దానికి తరువాతివి.

హైంజ్ బ్యాంకులయొద్దకు పరుగులెత్తెను. బంధువుల నడిగెను. తండ్రి యాస్తిపైన గూడ అప్పు తెచ్చెను. 1875 డిసెంబరులో కంపెనీ దివాలా తీసెను. అప్పులవారిని మోసగించుటకు సరకు దాచెనని అతనిపై నేరము మోపబడెను. వార్తాపత్రికలు పరిహాసము చేసెను. అంతకు కొలదిదినములకు ముందు అతనితో భుజముపై చేయివైచి మాటలాడినవారు వీథిలో ముఖము త్రిప్పుకొని పోసాగిరి. ఆ క్రిస్మసునకు ఆ యింట పిల్లలకు గాని పెద్దలకు గాని బహుమానములు కొనుటకు డబ్బు లేకపోయెను. తన సంగతులను దినచర్య పుస్తకములో వ్రాసికొను నలవాటు అతనికి ఆ యేడే ఏర్పడెను. అందుచేతనే అతని దుఃఖములోని చిన్న చిన్న విషయములు గూడ మనకు తెలియవచ్చినవి.

అపుడతడు చేసిన పని మాకు వింతగా తోచును. ఒక చిన్న పుస్తకము కొని, దానికి నీతిఋణముల పుస్తకమని యర్థము వచ్చు రెండక్షరముల గుర్తు పెట్టి, 1875 అని సంవత్సరము వ్రాసి, అందు తన భాగమునకు వచ్చిన అప్పులను ఒక్కొక్కరి పేర వరుసగా వ్రాసెను. దివాలా చట్టము ప్రకారము విడుదల పొందినవాడు ఆ శేషమును తీర్చవలసిన పనిలేదు. చట్టము విడిచినను తాను విడువ ననుకొనెను. ఇకమీదట వ్యాపారమెందుకు చేయవలెనన్న ప్రశ్నకు అతనికి ఆ పుస్తకములో స్పష్టమైన అంకెలతో జవాబు దొరికెను. ధనవంతుడను కావలెనను కోరికకు ఇంత యని హద్దు లేదు. ఫలానావానికి ఇన్ని డాలరులు తీర్చవలెనను నుద్దేశమునకు హద్దు కలదు, మొదలును తుదియు కలవు.

దివాలా తీసినవాడు తన పేర వ్యాపారము చేయుటకు వీలులేదు. కావున 1876లో తమ్ముడగు జాన్ పేరను, బంధువగు ఫ్రెడరిక్ పేరను క్రొత్త కంపెనీ యేర్పడెను. మూలధనము సుమారు 3,000 డాలరులు. అందు భార్యయు, తల్లియు భాగస్థులు. హెన్రీ జీతము పుచ్చుకొని పనిచేయువాడు మాత్రమే. ఆఱేండ్లు తన పేర నడచిన వ్యాపారమును... కాదు, బాల్యమునుండి లెక్కించినచో ఇరువదేండ్లకు పైగా తానే నడపిన పనిని ఇపుడు తమ్ముని క్రింద చేయవలసి వచ్చుట అభిమానవంతునికి సులభము కాదు. ఆ యేడే వారు టమాటా కెచప్‌ను అమ్మకమునకు పెట్టిరి. ఇంటియందు దానిని చేయుటయనిన దినమంతయు పొయ్యియొద్ద నిలిచి, అడుగంటకుండ కలుపుచుండవలెను. హార్సురాడిష్ విషయమునవలెనే ఇందును గృహిణి చేతినుండి యొక కష్టమును తొలగించుటయే అతని యాలోచన. మొదటినుండి తుదివఱకు అతడు అమ్మినది రుచి ఒక్కటియే కాదు. వంటయింటిలో మిగిలిన కొన్ని గంటల తీరిక యనియు చెప్పవచ్చును.

కొన్ని సంవత్సరములలో ఆ చిన్న పుస్తకములోని పేర్లన్నియు కొట్టివేయబడెను. అప్పులు తీరెను. 1888లో తమ్ముని భాగమును కొని కంపెనీకి హెచ్. జె. హైంజ్ కంపెనీ యని తన పేరు పెట్టెను.

అంతకు రెండేండ్లకు ముందు, 1886లో, కుటుంబముతో ఇంగ్లాండునకు పోయినపుడు అతడు ఏడు రకముల సరకులను ఒక సంచిలో పెట్టుకొని వెళ్లెను. లండనులో రాజకుటుంబమునకును ప్రభువులకును సరకులిచ్చు ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అను పేరుగాంచిన దుకాణము కలదు. వర్తకుల ప్రతినిధులు వెనుకటి ద్వారమున పోవుట ఆ దేశాచారము. హైంజ్ మంచి దుస్తులు ధరించి ముందటి ద్వారముననే ప్రవేశించి, సరకులు రుచి చూపెను. దుకాణమువారు ఏడు రకములను తీసికొనిరి. పదునొకండేండ్లకు పూర్వము స్వంత యూరిలో ముఖము చెల్లని మనుష్యు డితడే.

ఇతనికి ప్రకటనల విద్య మిక్కిలి యలవడెను. 1893లో చికాగో నగరమున జరిగిన మహాప్రదర్శనమునందు ఇతని యంగడికి మేడమీద చోటు దొరికెను. మెట్లెక్కి వచ్చువారు లేరు. అపుడతడు చిన్న చీట్లు అచ్చొత్తించి, ఈ చీటి తెచ్చినవారికి బహుమానమని క్రింద పంచిపెట్టించెను. ఆ బహుమానము ఊరగాయ దోసకాయ ఆకారము గల చిన్న బొమ్మ. దానికై వచ్చిన జనసమ్మర్దమునకు మేడనేల క్రింద ఊతకోలలు పెట్టవలసి వచ్చెనట. 1896లో న్యూయార్కులో రైలుబండిలో పోవుచు చెప్పుల వర్తకు డొకడు ఇరువదియొక్క రకములని చేసికొన్న ప్రకటనను చూచి, తన సరకులకును అట్టి సంఖ్య యొకటి పెట్టదలచెను. సరకులు అప్పటికే అఱువదికి మించియుండెను. అయినను 57 అను సంఖ్య చెవికింపుగా నున్నదని దానినే స్థిరపఱచెను. తెల్లసీసాలో సరకు నింపిన మనుష్యుడు లెక్కలో లేని సంఖ్యను సీసామీద వ్రాయించుట మాకు నచ్చిన పని కాదు. ఉన్నదానికంటె తక్కువయే చెప్పెను గదా యని అతని పక్షమున చెప్పువారును కలరు.

అల్లెఘెనీ నది యుత్తరపు టొడ్డున అతడు కట్టించిన కర్మాగారము చూడవచ్చువారికి ఎల్లప్పుడును తెరచియుండెడిది. వంటయింటిని పరులకు చూపుటకు జంకనివాడే ఆహారపు వర్తకమునకు తగినవాడని చెప్పవచ్చును. పనిచేయు బాలికలకు శుభ్రమైన దుస్తులు, భోజనశాల, స్నానపు గదులు, మేడపైన పూలతోట యేర్పఱచెను. ఆహారము ముట్టు చేతులు గనుక వారి గోళ్లను శుభ్రపఱచుటకు గూడ మనుష్యులను నియమించెను. ఇవి నాటి కర్మాగారములలో కనివిని యెఱుగని సదుపాయములు. అయినను ఆ బాలికల కూలి గొప్పది కాదనియు, వారి పని గంటలు దీర్ఘములనియు మఱువరాదు.

అతని జీవితములోని చివరి పెద్ద పోరాటము కల్తీని గూర్చినది. ఆ దినములలో ఆహారమును నిలువచేయుటకు వర్తకులు నానావిధ రసాయనములను కలుపుచుండిరి. కెచప్‌లో సోడియము బెంజోయేటను పదార్థము లేనిదే పని జరుగదని తోడి వర్తకు లందఱు వాదించిరి. హార్వీ వైలీ యను ప్రభుత్వ రసాయనశాస్త్రవేత్త దీని నెదిర్చెను. 1906లో శుద్ధాహార శాసనము అమెరికా చట్టసభలలో చర్చకు వచ్చినపుడు, ఆహారపు వర్తకులలో పెక్కుమంది ప్రతికూలురై యుండగా హైంజ్ కంపెనీ దానిని బలపఱచెను. కుమారుడు హోవర్డును ఆ పనిలో పాల్గొనెను. పండిన మంచి టమాటాలు, ఎక్కువ వినిగరు, శుభ్రమైన పాత్రలు నున్నచో రసాయనము అక్కఱలేదని వారు చేసి చూపిరి. ఖర్చు పెరిగెను, వెల పెరిగెను, అమ్మకమును పెరిగెను. ఇందు వర్తకుని లాభము లేకపోలేదు. చట్టము అందఱిని కట్టివేయగా ముందే కట్టుబడియున్నవానికి మేలు కలుగుట సహజము. మన దేశమునను 2006లో ఆహారభద్రతా చట్టము చేయబడినది. ఇంట ఊరగాయలు పెట్టి అమ్మువారు సైతము దాని ప్రకారము నమోదు కావలసియున్నది. ఈ వృత్తిని తలంచు విద్యార్థులు ఆ సంగతి ముందుగానే తెలిసికొనుట మంచిది.

సారా 1894లో మరణించెను. హైంజ్ మరల వివాహము చేసికొనలేదు. ఆదివారపు పాఠశాలల పని అతనికి వ్యాపారముతో సమానముగా ప్రియమైనది. పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆదివారపు పాఠశాలల సంఘమునకు అధ్యక్షుడై, ప్రపంచ సంఘమునందును పెద్ద పదవి వహించి, 1913లో ఆ పనిమీద జపాను, కొరియా, చైనా దేశములలో సంచరించెను. బోధకుడు కావలెనని కోరిన తల్లి దీనిని చూచియున్నచో ఏమనుకొనియుండునో! ఆమె పేర పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున కట్టబడిన సుందరమైన దేవాలయము 1938లో పూర్తియై నేటికిని నిలిచియున్నది. దానికి కావలసిన సొమ్మును హైంజ్ తన మరణశాసనములో ఉంచెను. పని నెఱవేర్చినవారు అతని సంతానము.

1919వ సంవత్సరము మే 14వ తేదీన ఊపిరితిత్తుల జ్వరముచేత డెబ్బదినాలుగవ యేట హెన్రీ హైంజ్ మృతినొందెను. కంపెనీ కుమారుడగు హోవర్డు చేతిలోనికి వచ్చెను. చాలకాలము ఆ వంశమువారు నడపిన పిదప చేతులు మాఱి, 2015లో క్రాఫ్టను మఱియొక పెద్ద కంపెనీతో కలిసిపోయెను.

మొదట హార్సురాడిష్ నింపిన షార్ప్స్‌బర్గులోని ఇటుకయింటి సంగతి యొకటి మిగిలినది. ఆ చిన్న యింటిని కూల్చివేయుటకు హైంజ్‌కు మనసొప్పలేదు. 1904లో దానిని పునాదులనుండి లేవనెత్తించి, పెద్ద పడవమీద కెక్కించి, అల్లెఘెనీ నదిమీదుగా సుమారు ఐదు మైళ్లు తేలించి తెచ్చి, గొప్ప కర్మాగార భవనముల నడుమ నిలిపించెను. ఇటుక యిల్లు నీటిమీద నడచుటను జనులు వింతగా చూచిరి. అతడు పోయిన చాలయేండ్లకు, 1954లో, ఆ యింటిని మరల విప్పి, మిషిగన్ రాష్ట్రములోని డియర్‌బర్ను పట్టణమున హెన్రీ ఫోర్డు స్థాపించిన పురాతనగృహముల గ్రామమునకు తరలించి, అచట తిరిగి కట్టిరి. నేటికిని దానిని చూడవచ్చును.